లోపల ఎవరూ లేరు

రండర్రా, ముందుకి జరగండి. ఆ గోడకి చేరబడ్డవాళ్ళు కూడా రండి. చాప చాలకపోతే సంచులు కింద వేసుకుని కూర్చోండి. ఇవాళ ఎక్కాలు లేవు, ఒక ఎలుగుబంటి కథ చెబుతాను. అడవిలో తిరిగే ఎలుగుబంటి కాదు. ఇడ్లీలకీ గారెలకీ మధ్యన నిలబడే ఎలుగుబంటి. నవ్వకండి. ఇది నవ్వే కథ కాదు.

ఒక హోటలుండేది. దాని పక్కన ఒక ఆటల లోకం. మీరు తీర్థంలో రంగులరాట్నం ఎక్కారు కదా, అలాంటివి వంద ఒక్కచోట పెట్టి చుట్టూ గోడ కట్టారనుకోండి. కలిగినవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఆ హోటల్లో దిగేవారు. పొద్దున్నే పెద్ద హాల్లో టిఫిను తిని ఆటలకి పోయేవారు.

ఆ హాల్లో వరసగా కూర్చునే బంతులుండవు, వడ్డనలుండవు. గోడ పొడుగునా బల్లలు, బల్లల మీద మూతగిన్నెలు. ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకోవడమే. ఇడ్లీ పక్కన కేకు, కేకు పక్కన పెసరట్టు, పెసరట్టు పక్కన పుచ్చకాయతో చెక్కిన నెమలి. పళ్ళెం నిండా పెట్టుకుని, సగం తిని, సగం వదిలేసి, ఇంకో పళ్ళెం అందుకునేవారు. పళ్ళేలకి కొరత లేదు.

పిల్లల్ని మురిపించడానికి అక్కడ నాలుగు జంతువులుండేవి. ఎలుగు, కుందేలు, కోతి, ఏనుగు. మనిషెత్తు తోళ్ళు, వాటి మీద గంపలంత తలలు. ఒక్కో తోలు లోపల ఒక్కో మనిషి. ఆ జంతువులు బల్లల మధ్య తిరగాలి. చేతులూపాలి, పిల్లల్ని వాటేసుకోవాలి, ఫోటోలకి నిలబడాలి.

తోళ్ళు తొడుక్కునే గదిలో, గోడ మీద మూడు ముక్కలు రాసి ఉండేవి. నోరు మెదపరాదు. తల తీయరాదు. లోపల ఎవరున్నారని అడిగితే, లోపల ఎవరూ లేరు.

ఆ మూడోది జంతువులు చెప్పేది కాదు, వాటికి నోరెక్కడిది. అది నల్లకోటాయన చెప్పేది. ఆ హాలుకి పెద్ద ఆయనే. ఏ పిల్లాడైనా ఎలుగు నోట్లోకి తొంగి చూస్తే నవ్వుతూ వచ్చి, "లోపల ఎవరూ లేరు నాన్నా, నిజం ఎలుగే" అనేవాడు. ఆ నవ్వు హాలు గుమ్మం దాకానే. వంటగదిలో ఆ నవ్వు చూసినవాళ్ళు లేరు.

పదిన్నరకి గంట కొట్టేవారు. గంట కొట్టాక గిన్నెల్లో మిగిలిందంతా ఎంగిలి కింద జమ. ఎవరి చెయ్యీ తగలని ఇడ్లీలు, పొగలు ఇంకా ఆరని ఉప్మా, అన్నీ వెనక గదిలో నీలం డ్రమ్ములో పోసేవారు. పోసి, పైన సబ్బు నీళ్ళు కుమ్మరించేవారు. సబ్బు నీళ్ళెందుకని అడుగుతారేమో. పనివాళ్ళు తినేస్తారని.

"ఇవాళ మిగిలింది తిననిస్తే, రేపు మిగలడానికే వండుతారు" అనేవాడు నల్లకోటాయన.

పెసరట్లు వేసే ఆమె ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఎవులూ ముట్టందే ఎంగిలెలాగవుద్ది బాబూ?"

మర్నాడు పెనం దగ్గర ఇంకొకామె ఉంది. పెసరట్ల ఆమెకి కొత్త పని ఇచ్చారు. డ్రమ్ములో సబ్బు నీళ్ళు పోసే పని.

అలా పోసేటప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. పనివాళ్ళకి పదకొండింటికి ఒక టీ, రెండు రస్కులు. అవి తింటూ ఆ డ్రమ్ము వైపు ఎవరూ చూసేవారు కాదు. చూస్తే రస్కు గొంతు దిగదు.

ఇక ఎలుగు సంగతి. ఆ తోలు లోపలిది ఒక ఆడమనిషి. వరదకి ఇల్లు పోయి, కూతుర్ని చంకనేసుకుని వచ్చి, ఆ హోటల్లో పనికి కుదిరింది. పనితో పాటు హోటలు వెనక ఒక గది ఇచ్చారు. హోటలు గదుల్లో ఉండే పిల్లలకే అక్కడి బడిలో చోటు. నోరు జారితే పని పోతుంది. పని పోతే గది, గది పోతే కూతురి బడి. అందుకని ఆమె నోటిని తాళం వేసిన పెట్టెలా చూసుకునేది.

మూడేళ్ళు అలాగే గడిపింది. తెల్లారకముందే లేచి, గొంతులో మంచినీళ్ళు మాత్రం పోసుకుని తోల్లో దూరేది. తల లోపల చిన్న ఫ్యాను ఉండేది, అది ఎప్పుడో ఆగిపోయింది. ఎలుగు నోటికి నల్లటి వల. ఆ వలలోంచే లోకం కనపడేది. లోకమంటే ఏముంది, నములుతున్న నోళ్ళు.

అయినా ఆమెకీ కూతురికీ ఒక ఒప్పందం ఉంది. మీకు తెలుసు కదా, అన్నం తింటుంటే పొలమారితే మీ అమ్మ ఏం చేస్తుంది? మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు, పైకి చూడు" అంటుంది. ఎవరో తిట్టుకుంటున్నారనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా, ఎక్కడో ఒకరి మనసులో మనం మెదిలితే ఇక్కడ మన గొంతుకి తెలుస్తుందన్నమాట.

సాయంత్రం గదికి వచ్చేసరికి కూతురు ఎదురొచ్చేది.

"నీళ్ళు తాగుతుంటే పొలమారిందే అమ్మా!"

"ఎప్పుడే?"

"రెండో గంట కొట్టాక."

"నానే. అప్పుడే తలుసుకున్నాను."

పొద్దంతా నోరు కట్టుకున్న మనిషికి బిడ్డని పలకరించడానికి ఉన్న దారి అదొక్కటే. తలుచుకోవడం. దానికి నోటితో పని లేదు.

ఒక శనివారం పొద్దున్న కాగితం కిరీటం పెట్టుకున్న పాప ఒకతె హాల్లోకి వచ్చింది. ఆ రోజు పుట్టినరోజట. వాళ్ళ నాన్న గళ్ళచొక్కా వేసుకుని, ఫోను కంటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు. పాప తింటే ఫోటో, నవ్వితే ఫోటో. ఎలుగుని పిలిచి పాప పక్కన నిలబెట్టుకున్నాడు.

పాప పూరీ ముక్క నోట్లో పెట్టుకుని ఎలుగు వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో పూరీ అడ్డం తిరిగింది. పొలమారింది. మొహం కందగడ్డ అయింది, కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు.

"నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అంటున్నాడు గళ్ళచొక్కాయన. ఫోను దించలేదు.

ఎలుగు చెయ్యి లేచింది. ఆలోచించి లేచిన చెయ్యి కాదది. మూడు వేళ్ళ బొచ్చు పంజా పాప కిరీటాన్ని పక్కకి తోసి, మాడు మీద మెత్తగా తట్టింది. చేతి వెనకే గొంతు కూడా వచ్చేసింది.

"ఎవులో తలుసుకుంతన్నారమ్మా... పైకి సూడు. పైకి సూడు తల్లీ."

పాప పైకి చూసింది. దగ్గు తగ్గింది. ఎలుగు నోటి వల వెనక రెండు కళ్ళు మెరుస్తూ కనిపించాయి.

"ఎవరు?" అంది పాప. "ఎవరు తలుచుకుంటున్నారు?"

తను ఏం చేసిందో ఎలుగుకి అప్పుడు తెలిసింది. పంజా వెనక్కి లాక్కుని నోటి వలకి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా, ఎలుగు మాట్లాడింది! మా ఆయాలా మాట్లాడింది! నన్నెవరో తలుచుకుంటున్నారట. ఎవరు నాన్నా? ఆయానా?"

"ఎవరూ తలుచుకోవట్లేదు. తిను" అన్నాడు గళ్ళచొక్కాయన. అని, నల్లకోటాయన్ని పిలిచాడు. "ఏమండీ, బొమ్మని తెచ్చి పక్కన నిలబెట్టమంటే పనిమనిషిని నిలబెడతారా? పిల్ల పుట్టినరోజంతా పాడైపోయింది. రేపు కూడా ఇక్కడే ఉంటాం. రేపు మా పాపకి మళ్ళీ మామూలు ఎలుగు కనపడాలి."

"లోపల ఎవరూ లేరు సార్" అన్నాడు నల్లకోటాయన నవ్వుతూ. అలవాటైపోయిన మాట కదా.

గంట కొట్టాక తోళ్ళ గదిలో పంచాయితీ. ఎలుగు తల తీసి బల్ల మీద పెట్టి, ఆమె పక్కన నిలబడింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. నల్లకోటాయన ఆమె మొహం చూడలేదు. బల్ల మీదున్న ఎలుగు తలని చూస్తూ మాట్లాడాడు.

"ఎందుకు మాట్లాడావు?"

"పసిగుంటకి పొలమారింది బాబూ. నోటంట వచ్చీసింది."

"పొలమారితే నీళ్ళున్నాయి. ఎక్కువైతే డాక్టరున్నాడు. మధ్యలో నీ మాటెందుకు?"

"మాడు మీద తట్టి ఆ మాట అనకుంటే ఎలాగ బాబూ? ఎవులైనా అంతారు."

"ఎలుగు అనదు."

ఆయన వేలెత్తి గోడ చూపించాడు. "అక్కడేం రాసుంది?"

"లోపల ఎవులూ నేరని."

"మరి?"

మూడేళ్ళ నుంచి మూసిన నోరు. పొద్దున్న ఒకసారి తెరుచుకుంది కనుక మళ్ళీ మూసుకోవడం దానికి చేతకాలేదు. "ఎవులూ నేకపోతే మాటాడిందెవులు బాబూ? మాటాడినోలే నేకపోతే, పనిలోంచి తీసేది ఎవుల్ని?"

కుందేలు తన తల లోపల కిసుక్కుమంది. కోతి దాని కాలు తొక్కింది.

నల్లకోటాయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఎవరూ లేరు కాబట్టే తీసెయ్యడం తేలిక. రాసుకోడానికి పేరు కూడా అక్కర్లేదు" అన్నాడు. "రేపు ఆదివారం. హాలు నిండుతుంది. ఈ ఒక్కరాత్రిలో ఇంకో మనిషి దొరకదు. రేపటి టిఫిను కానిచ్చి గది తాళం ఇచ్చేసి వెళ్ళు. రేపు మాత్రం కిక్కురుమన్నావంటే చూడు."

సాయంత్రం ఆమె గదిలో మూట కట్టింది. రెండు చీరలు, కూతురి పుస్తకాలు, ఒక గిన్నె.

"ఎక్కడికే అమ్మా?"

"తెలీదు."

"బడో?"

ఆమె మూట ముడి బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. ఇంతకీ తను చేసిందేమిటి? ఎవరి సొమ్మైనా దొంగిలించిందా, ఎవరినైనా కొట్టిందా? పొలమారిన పిల్లకి మాడు మీద తట్టింది. లోకంలో ఏ తల్లి ఆ పని చెయ్యదు? ఆలోచించిన కొద్దీ కడుపులో ఏదో మండుతోంది. ఆకలి మంట ఆమెకి తెలుసు, దానితో మూడేళ్ళ కాపురం. ఇది అది కాదు.

మర్నాడు తెల్లవారుజామున తోళ్ళ గదికి వెళ్ళింది. మిగతా మూడు జంతువులూ తయారై ఉన్నాయి. ఆమె ఎలుగు తోలు చేతిలోకి తీసుకుంది. తొడుక్కోలేదు. గదిలో తోళ్ళు ఆరేసే ఇనప కొయ్యలుంటాయి, కింద చక్రాలుంటాయి. ఒక కొయ్యకి తోలు తగిలించింది. చేతుల్లోకి చీపురు కర్రలు దూర్చింది. కడుపులో దుప్పటి కుక్కింది. పైన తల పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఎలుగు నిలబడి ఉంది.

"ఏటిది అప్పా?" అంది కుందేలు, అక్కని పిలిచినట్టు. "నీకెలాగూ పోయింది. మా కొంపకి నిప్పెట్టకు."

"మీ జోలికి రాను. నా తోలు నేను ఒగ్గీసినాను, అంతే."

అంతలో బూట్ల చప్పుడు. నల్లకోటాయన గుమ్మంలోకి వచ్చాడు. ఆమె గోడ పక్కకి ఒదిగింది. ఆయన తిన్నగా ఎలుగు దగ్గరికి వెళ్ళాడు. వేలు ఆడిస్తూ మొదలుపెట్టాడు.

"నిన్నటి సంగతి గుర్తుందా? ఆ గళ్ళచొక్కాయన ఇవాళ నిన్నే చూస్తుంటాడు. పాప పక్కన నిలబడాలి. కదలకూడదు. ఊపిరి చప్పుడు కూడా వినపడకూడదు. అర్థమైందా?"

ఎలుగు పలకలేదు.

ఆయన మొహం విప్పారింది. "అదీ! అలా ఉండాలి. ఎదురు మాట లేదు, ముక్కు ఎగబీల్చడం లేదు. ముందు నుంచీ ఇలా ఉండి ఉంటే నీకీ గతి పట్టేదా?" అని ఎలుగు భుజం తట్టాడు.

వెనక్కి తిరుగుతూ గోడ పక్కనున్న ఆమెని చూశాడు. "ఏయ్, ఎవరు నువ్వు? తోమే మనిషివా? ఇక్కడేం పని? వెనక గుమ్మం నుంచి పో. అతిథులు లేచే వేళ, మనుషులు కనపడకూడదు."

వెళ్ళిపోయాడు.

మూడేళ్ళు ఆ మనిషి కింద చేసింది ఆమె. నిన్న ఆయనతో మాటకి మాట అంది. ఆయన ఆమెని చూసి, ఎవరు నువ్వు అన్నాడు. ఖాళీ తోలుని చూసి, నచ్చావు అన్నట్టు భుజం తట్టాడు.

ముందు ఏనుగు తల తీసింది. లోపల బక్కపల్చటి ముసలాయన. తల నేల మీద పెట్టి, ఒక కొయ్య దగ్గరికి లాక్కున్నాడు. తరవాత కోతి. కుందేలు అటూ ఇటూ చూసింది. "నేనొక్కడినీ ఉంటే ఏం బావుంటుందిలే. ఆ ఖాళీ తోళ్ళ మధ్యన నాకే భయమేస్తుంది" అని చెవులు పట్టుకుని తల ఊడదీసింది.

హాలు తలుపులు తెరవకముందే నాలుగు జంతువుల్నీ చక్రాల మీద తోసుకెళ్ళి తలో చోటా నిలబెట్టారు. ఎలుగుని మాత్రం కిటికీ పక్కన, నిన్న గళ్ళచొక్కాయన కూర్చున్న బల్ల దగ్గర.

మూటలు సర్దుకుని బయల్దేరేసరికి తొమ్మిది దాటింది. వెనక గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. "బయటికి పోయేవాళ్ళ పేర్లు రాయాలి. ఎవరు మీరు? ఎప్పుడూ చూడలేదే."

"రోజూ సూస్తన్నావు. ఎలుగుని. రాసుకో, అసిరమ్మ."

అవునర్రా, ఆమె పేరు అసిరమ్మ. ఇంతసేపూ చెప్పలేదేం అని కదా మీ అనుమానం? ఆ హోటల్లో ఎవరూ అడగలేదు. మొదటిసారి అడిగింది ఆ కాపలా మనిషి, అదీ బయటికి పోయేటప్పుడు. ఏనుగు పేరు సన్యాసిరావు. కోతి పేరు గురివిందమ్మ. కుందేలు పేరు చిట్టిబాబు. అసిరమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ కూతురు, అడగకుండానే, "నా పేరు మంగవేణి" అంది. అదీ రాసుకున్నాడు.

అప్పుడే పెసరట్ల ఆమె స్టీలు బకెట్టుతో వచ్చింది. బకెట్టు మీద అరిటాకు. ఆకు కింద నుంచి ఆవిరి.

"ఏముంది అందులో?" అన్నాడు కాపలా మనిషి. "సామాను బయటికి పోవాలంటే చీటీ కావాలి."

"ఎంగిలి. ఎంగిలికి చీటీ అక్కర్నేదు కదా?"

అతను ఆవిరి వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు. "అక్కర్లేదు" అని గేటు తీశాడు.

రోడ్డు వార తూము గట్టు మీద కూర్చున్నారు ఆరుగురూ. బకెట్టులో వేడి ఇడ్లీలు, ఒక గిన్నెలో చట్నీ. చిట్టిబాబు చెయ్యి పెట్టబోయి ఆగాడు. "ఇది ఎంగిలేనా అప్పా?"

"గంట కొట్టినారా?" అంది పెసరట్ల ఆమె.

"లేదు."

"గంట కొట్టకముందు తిండే. తిండి మనుసులు తింతారు."

ఇడ్లీ తుంచి మంగవేణి నోటి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ దించింది. "అమ్మా, వాళ్ళని తలుచుకుని తిననా?"

"ఎవుల్ని?"

"లోపల తినేవాళ్ళని. మనం తలుచుకుంటే వాళ్ళకి పొలమారుద్ది కదా."

"తలుసుకోవాలా, తిట్టుకోవాలా?" అన్నాడు సన్యాసిరావు నవ్వుతూ.

అసిరమ్మకి నవ్వు రాలేదు. గోడ వైపు చూసింది. గోడ అవతల హాలు. హాల్లో ఏ బల్ల ఎక్కడుందో, ఏ కుర్చీ కోడు కిర్రుమంటుందో ఆమెకి తెలుసు. వలలోంచి చూసిన ఒక్కొక్క నోరూ తెలుసు.

"తిట్టొద్దు" అంది. "ఉన్నదున్నట్టు తలుసుకోండి. ఒక్కొక్కలూ ఒక్కో బల్లని. కిటికీ పక్కది నాది."

ఆరుగురూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

హాల్లో అప్పటికి తొమ్మిదిన్నర. క్రిక్కిరిసి ఉంది. పొద్దున్నుంచీ జనం జంతువుల పక్కన ఫోటోలు దిగుతూనే ఉన్నారు. పిల్లలు ఖాళీ తోళ్ళని వాటేసుకుంటూనే ఉన్నారు. "ఇవాళ జంతువులు బుద్ధిగా ఉన్నాయి" అని ఒక పెద్దమనిషి నల్లకోటాయన్ని మెచ్చుకున్నాడు కూడా.

కాగితం కిరీటం పాప ఒక్కతే ఎలుగు నోట్లోకి చూసి వచ్చింది. "నాన్నా, ఎలుగుకి కళ్ళు లేవు."

"ఉన్నాయిగా. అవిగో" అన్నాడు గళ్ళచొక్కాయన గాజు కళ్ళు చూపించి. గారె కొరికాడు.

గారె అడ్డం తిరిగింది. పొలమారింది.

ఆయన దగ్గుతుంటే పక్క బల్ల దగ్గర ఒకావిడ తిరిగి చూసి, జాలిపడబోయి, తనూ దగ్గింది. ఆమె వెనక ఇద్దరు. నెమలి పుచ్చకాయ దగ్గర ఒకాయన. చూస్తుండగానే బల్ల తరవాత బల్ల. నీళ్ళు తాగితే నీళ్ళు పొలమారాయి. కళ్ళు ఎర్రబడి, మెడనరాలు ఉబ్బి, అన్ని ఊళ్ళవాళ్ళూ, అన్ని దేశాలవాళ్ళూ ఒక్కలాగే దగ్గారు. ఒకరి మాడు మీద ఒకరు తట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ పని ఇళ్ళల్లో ఇంకెవరో చేసేవారు.

నల్లకోటాయన అటు పరిగెత్తాడు, ఇటు పరిగెత్తాడు. ఆయనకి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. ఎలుగు మాడు మీద తట్టి ఆ మాట అంది, పాపకి దగ్గు తగ్గింది. ఎలుగు దగ్గరికి ఉరికాడు.

"ఆ మాట అను!" అన్నాడు.

ఎలుగు పలకలేదు.

"నిన్న అన్నావే, ఆ మాట! నేనే చెబుతున్నాను, మాట్లాడు! ఏం, ఇప్పుడు నోరు పడిపోయిందా? అను!"

రెండు భుజాలూ పట్టి ఊపాడు. చీపురు కర్ర జారింది. ఎలుగు ఆయన మీదికి ఒరిగింది, దూదిమూటంత తేలిగ్గా. తల ఊడి, నేల మీద దొర్లుకుంటూ, పళ్ళేల మధ్య నుంచి పోయి, పాప కాళ్ళ దగ్గర ఆగింది.

హాలంతా దగ్గుతూనే అటు చూసింది.

పాప వంగి, రెండు చేతులా ఆ తల ఎత్తి, లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. చెమటకి తడిసి తడిసి గట్టిపడిన ఒక గుడ్డముక్క, ఆగిపోయిన చిన్న ఫ్యాను. అంతే. తల కింద పెట్టి, కుర్చీ ఎక్కి, దగ్గుతున్న నాన్న మాడు మీద చేత్తో తట్టింది.

"లోపల ఎవరూ లేరు నాన్నా" అంది. "మరి మనల్ని ఎవరు తలుచుకుంటున్నారు?"

సరే, లేవండర్రా. పొద్దు గుంకుతోంది, మీ అమ్మలు ఎదురు చూస్తుంటారు. ఇళ్ళకి పోయి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వేడి వేడిగా తినండి. కంచంలో వదలకండి. తింటున్నప్పుడు ఎవరికైనా పొలమారితే రేపు బడికొచ్చి నాకు చెప్పాలి. ఎవరో తలుచుకున్నారు మాస్టారూ అంటే ఒప్పుకోను. పేరు కావాలి.